ఏడు గొంతుల మధ్య మీ గొంతు



వర్ణాలు, కృతులు, పద్యాలు పాడుతూ పెరిగి, ఈ రోజు సంగీత, రంగస్థల శాఖల పట్టాలు అందుకుంటున్న మీ ముందు నేను ఒపేరా గురించి మాట్లాడదలిచాను. ఇక్కడ డిగ్రీ అయ్యాక నేను వియన్నా సంగీత విశ్వవిద్యాలయంలో గాత్రం చదువుకున్నాను. తిరిగొచ్చాక, ఆ దారిలో వెళ్లాలనుకునే మన పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. వాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు నన్ను తప్పకుండా అడిగేవి రెండు: "అక్కడికి వెళితే గొంతు పాడైపోదా? మన సంగీతం మనకు దూరమైపోదా?" ఈ రెండిటికీ నాకు తెలిసినంతలో జవాబు చెబుతాను.

ముందు గొంతు సంగతి. ఒపేరాలో మైకు ఉండదు. ముందు అరవై డెబ్బై మంది వాయిస్తుంటే, వాళ్లను దాటుకుని పాట చివరి వరుస దాకా చేరాలి. అరిస్తే చేరదు. స్వీడన్ శాస్త్రవేత్త యొహాన్ సుండ్‌బెర్గ్ 1970లలో దీని గుట్టు కొలిచి చూపించాడు. ఆర్కెస్ట్రా ధ్వనిలో బలమంతా 500 హెర్ట్జ్ దగ్గర పోగుపడి, పైకి వెళ్లేకొద్దీ పలచబడుతుంది. శిక్షణ పొందిన గాయకుల్లో, ముఖ్యంగా మగ గొంతుల్లో, సుమారు 3000 హెర్ట్జ్ దగ్గర ప్రత్యేకమైన బలం పుడుతుంది. వాద్యాలు పలచబడిన చోటే గొంతు నిలబడుతుందన్నమాట. మైకు రాకముందు మన పద్యనాటకాల నటులు రాత్రంతా ఆరుబయట జనానికి పాట వినిపించారు. వాళ్ల పద్ధతి వేరు, కానీ దూరానికి పాట చేర్చడమనే సాధన మన నేలకు కొత్త కాదు.

అయితే ఒకటి దాచకుండా చెప్పాలి. గమకాన్ని మనం కోరి వేస్తాం. ఒపేరా గొంతులో సెకనుకు ఐదారుసార్లు కదిలే సన్నని కంపనం ఊపిరి సరిగ్గా కుదిరినప్పుడు దానంతటదే వస్తుంది. మన శ్రుతి మన ఇష్టం. అక్కడ స్వరకర్త ఏ స్థాయిలో రాస్తే ఆ స్థాయిలోనే పాడాలి. మొదటి ఏడాది రెండేళ్లు కచేరీ సాధన తగ్గించుకోవాల్సి వస్తుంది. మంచి గురువు దగ్గర నేర్చుకుంటే గొంతు పాడవదు. తొందరపడి పెద్ద పాత్రలు నెత్తిన వేసుకుంటేనే పాడవుతుంది. ఆ ప్రమాదం ఇక్కడా ఉంది, అక్కడా ఉంది.

ఇక మన చదువులో దొరకనిది ఒకటుంది. నేను మిమ్మల్ని వెళ్లమనడానికి అసలు కారణం అదే. మన శిక్షణ ఒంటరి గాయకుణ్ణి తయారుచేస్తుంది. వయొలిన్, మృదంగం మన వెంట వస్తాయి, కచేరీ నడక మన చేతిలో ఉంటుంది. మనోధర్మం ఆ స్వేచ్ఛలోంచే పుట్టింది, దాన్ని నేను ప్రాణంతో సమానంగా చూసుకుంటాను. కానీ మరో ఆరుగురు వేరువేరు మాటలు, వేరువేరు స్వరాలు ఒకేసారి పాడుతుంటే, అందరినీ వింటూ మన వరుస తప్పకుండా పాడటం మనకెవరూ నేర్పలేదు.

మొజార్ట్ రాసిన ఒపేరా 'ఫిగరో పెళ్లి'ని 1786 మే 1న వియన్నాలో మొదటిసారి ప్రదర్శించారు. సంగీత విద్యాలయాలు విద్యార్థుల చేత తరచుగా ఆడించే ఒపేరాల్లో అదొకటి. దాని రెండో అంకం చివర దాదాపు ఇరవై నిమిషాలు సంగీతం ఆగదు. భార్యాభర్తలైన కౌంటు, కౌంటెస్‌ల గొడవతో ఇద్దరి పాటగా మొదలవుతుంది. మూసిన గదిలోంచి పరిచారిక సుసానా బయటికొస్తుంది, ముగ్గురు. ఆమెను పెళ్లాడబోయే ఫిగరో వస్తాడు, నలుగురు. పూలమొక్కలు పాడయ్యాయంటూ తాగిన తోటమాలి ఊగుతూ వస్తాడు, ఐదుగురు. అతను వెళ్లిపోయాక ఫిగరో మీద దావాతో మరో ముగ్గురు దిగుతారు. తెర పడేవేళకు ఏడుగురు, ఎవరి కోపం వాళ్లది, ఎవరి భయం వాళ్లది, అయినా అంతా ఒక్క లయలో. కోలాటంలో అడుగు మన తాళం మీద, చూపు ఎదుటివారి కర్ర మీద ఉంచినట్టు పాడాలి. ఒక్కరు తమ గొంతు వినిపించాలని ఎగబడితే మొత్తం కూలిపోతుంది.

వియన్నాలో నేను చదివిన విశ్వవిద్యాలయం విద్యార్థులు తమ ఒపేరాలను షోన్‌బ్రున్ రాజభవనంలోని చిన్న థియేటర్‌లో ప్రదర్శిస్తారు. మహారాణి మరియా తెరీసా కాలంలో, 1747లో తెరిచిన థియేటర్ అది. ఆ వేదిక ఎక్కడానికి ముందు జరిగేదే నిజమైన చదువు. వారాల తరబడి పియానో ముందు కోచ్‌తో కూర్చుని ఒక్కో మాట, ఒక్కో విరామం సరిచేసుకోవాలి. తర్వాత దర్శకుడితో కదలికలు. ఆ పైన 'సిట్జ్‌ప్రోబె', అంటే నటన లేకుండా కూర్చుని మొదటిసారి ఆర్కెస్ట్రాతో పాడే రిహార్సల్. పియానోతో ఎంత బాగా పాడినవారికైనా ఆ రోజు కొంచెం కాళ్లు వణుకుతాయి. రోజంతా రిహార్సల్ ఉన్నప్పుడు గొంతు దాచుకుని సగం బలంతో పాడటం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. అది తెలియక మనవాళ్లు ప్రతి రిహార్సల్‌నూ కచేరీలా పాడేసి, ప్రదర్శన నాటికి అలసిపోతుంటారు.

చిన్న పాత్ర వస్తే చిన్నబుచ్చుకోవద్దు. 'ఫిగరో పెళ్లి'లోనే బార్బరీనా అనే పిల్ల పారేసుకున్న గుండుసూది కోసం వెతుకుతూ రెండు నిమిషాల పాట ఒకటి పాడుతుంది. దాన్ని మొదటిసారి పాడిన ఆనా గాట్లీబ్‌కు అప్పుడు 12 ఏళ్లు. 'మాయా వేణువు'లో కథానాయిక పామీనా పాత్రను మొజార్ట్ ఆమెకే ఇచ్చాడు, 1791లో, 17 ఏళ్ల వయసులో. ఇంకో సంగతి వింటే మన నాటకాల వాళ్లు సంతోషిస్తారు. 'ఫిగరో'కు జనం ఎన్ని వన్స్‌మోర్‌లు కొట్టారంటే, ఆట సాగిపోతోందని జోసెఫ్ చక్రవర్తి ఒక్కరు పాడే పాటలే మళ్లీ పాడాలని, ఒకరికంటే ఎక్కువమంది కలిసి పాడేవి పాడకూడదని ఆజ్ఞ వేశాడు.

రెండో ప్రశ్న: పరాయి సంగీతం మనకెలా అబ్బుతుంది, మనదేమవుతుంది? ఒపేరాను నిలబెట్టినవాళ్లలో బయటినుంచి వచ్చినవాళ్లు ఎందరో. మొజార్ట్ మాతృభాష జర్మన్. 14 ఏళ్లకే మిలాన్ వెళ్లి ఇటాలియన్ ఒపేరా రాశాడు. ఇటాలియన్ స్వరకర్త వెర్డి పార్మా రాజ్యంవాడు. 1832లో మిలాన్ సంగీత విద్యాలయం అతనికి సీటు ఇవ్వలేదు. వయసు మించిందన్నారు, మా రాజ్యంవాడు కాదన్నారు. ఈనాడు ఆ విద్యాలయం పేరే వెర్డి. కొరియా నుంచి సుమీ జో 1983లో రోమ్ వెళ్లి చదువుకుని, 1986లో ట్రియెస్టెలో 'రిగొలెట్టో'లో జిల్డాగా వేదిక ఎక్కింది. దక్షిణాఫ్రికా చిన్న పట్నంలో పెరిగిన ప్రెటీ యెండె 16 ఏళ్లప్పుడు టీవీలో ఒక విమాన సంస్థ ప్రకటన చూస్తూ ఒక పాట విని ఆగిపోయింది. మర్నాడు బడిలో టీచర్‌ని అడిగితే దాన్ని ఒపేరా అంటారని తెలిసింది. కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో, తర్వాత మిలాన్ లా స్కాలా అకాడమీలో చదివింది. ఆమెను ఆపిన ఆ పాట 'లక్మే' అనే ఒపేరాలోది. 1883లో పారిస్‌లో ఆడిన ఆ కథ జరిగేది మన దేశంలోనే.

మన వైపు కూడా చూడండి. వెనిస్‌లో టికెట్టు కొన్న ప్రతివారికీ తలుపులు తెరిచిన మొదటి ఒపేరా థియేటర్ 1637లో మొదలైంది. అదే కాలంలో తంజావూరులో విజయరాఘవ నాయకుడి కొలువులో తెలుగు యక్షగానాలు ఆడుతున్నాయి. పాటతో కథ నడపడం మనకూ పాత విద్యే. తెలుగు యక్షగానం ఇంట్లో ఉన్న పిల్లలు ఒపేరా ముందు చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు. అమెరికా స్వరకర్త ఫిలిప్ గ్లాస్ ఒపేరా 'సత్యాగ్రహ' 1980లో రోటర్‌డామ్‌లో మొదలైనప్పటి నుంచి ఎన్నో దేశాల గాయకులు భగవద్గీత శ్లోకాలను సంస్కృతంలోనే అక్షరం అక్షరం నేర్చుకుని పాడుతున్నారు. మన భాష కోసం వాళ్లు పడ్డ ఆ కష్టాన్ని వాళ్ల భాష కోసం మనమూ పడగలం.

వియన్నా వెళ్లదలచినవారు ఇంటికెళ్లగానే మొదలుపెట్టాల్సిన పనులు చెబుతాను. స్టాఫ్ నొటేషన్ చూసి చదవడం రావాలి, కొద్దిగా పియానో రావాలి. జర్మన్ పరీక్ష పాసవ్వాలి, ఎందుకంటే పాఠాలన్నీ ఆ భాషలోనే. ఇటాలియన్ మనకు సులువు. మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, ద్విత్వాలు మనకు పుట్టుకతో వచ్చినవే. కానీ ఇంగ్లీషు అలవాటుతో 'త' ఉండాల్సిన చోట 'ట' పలుకుతాం. అది మానాలి. హార్ప్సికార్డ్ వెంట మాట్లాడినంత వేగంగా సాగే సంభాషణ పాటలను రోజూ గట్టిగా చదవండి. విదేశీయులు ఎక్కువగా తడబడేది అక్కడే.

ప్రవేశ పరీక్షకు పెద్ద పాట కంటే వయసుకు తగిన పాట ముఖ్యం. ఇరవై రెండేళ్లకు వాగ్నర్ భారీ పాత్రలు వద్దు, మొజార్ట్ తీసుకోండి. వియన్నా స్టేట్ ఒపేరాలో సెప్టెంబరు నుంచి జూన్ దాకా దాదాపు రోజూ ప్రదర్శన ఉంటుంది. నిలబడి చూసే టికెట్లు తక్కువ ధరకు దొరుకుతాయి. చేతిలో నొటేషన్ పుస్తకం తెరిచి, వారానికి రెండుసార్లయినా చూడండి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఇది నిలకడైన ఉద్యోగమని నేను చెప్పను. జర్మనీలో ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఒపేరా థియేటర్లు దాదాపు ఎనభై ఉన్నాయి. నెల జీతం మీద గాయకులను, బృందగాయకులను పెట్టుకుంటాయి. అయినా ఒక్క చోటుకు వందల మంది వస్తారు. కొందరు తిరిగొచ్చి పాఠాలు చెబుతారు, నాలాగా. అప్పు చేసే ముందు స్కాలర్‌షిప్‌లకు దరఖాస్తు పెట్టండి. పిల్లలు బృందగానంలో ఉద్యోగం తెచ్చుకుంటే దాన్ని చిన్నదనుకోకండి.

సభ ముగిశాక మీ సంగీత శాఖ గదిలో సాయంత్రం దాకా ఉంటాను. 'ఫిగరో' రెండో అంకం నొటేషన్ తెచ్చాను, ప్రతులు ఏడు ఉన్నాయి. పాడి చూడాలనుకునేవారు రండి.