దడ కొడుతున్నప్పుడే కాగితం తీయించాలి
(పెదపాడులో పేటల జనంతో మాట్లాడిన మాటలు)



గుండెజబ్బంటే ముసలోళ్ళకీ డబ్బున్నోళ్ళకీ వచ్చేదని మన పేటల్లో ఒక మాట పాతుకుపోయింది. ఇరవై రెండేళ్ళ కుర్రాడు కొల్లేరు దగ్గర చేపల చెరువులో వల లాగుతూ ఉన్నట్టుండి గుండె పట్టుకుని కూలబడ్డాడనుకోండి. గాలి సోకిందంటాం, తాయెత్తు కడతాం. ఆడపిల్లయితే పెళ్ళి చేస్తే పోద్దంటాం. ఆరెంపీ నీరసమని సెలైన్ ఎక్కిస్తాడు. ఆటో మాట్లాడుకుని ఏలూరు చేరేసరికి దడ ఆగిపోద్ది. అప్పుడు తీసిన ఈసీజీ బాగానే ఉంటది. "ఏం లేదు, భయం" అని పంపేస్తారు. కూలి పోయింది, ఆటో డబ్బులు పోయాయి, జబ్బు మాత్రం ఒంట్లోనే ఉంది.

మేము గట్టిగా చెప్పేదొకటే. జబ్బు లేదని ఆ కాగితం అనలేదు. తీసిన ఆ కొద్ది సెకన్లలో దడ లేదంది, అంతే.

గుండెలో కరెంటు దిగడానికి ఒకే దారి ఉండాలి. కొందరికి పుట్టుకతోనే అడ్డదారి ఉంటుంది. కరెంటు ఒకదాన్లో దిగి రెండోదాన్లో ఎక్కి గానుగెద్దులా తిరుగుతుంది. ఊరికే కూర్చున్న మనిషికి నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకునే గుండె 150, ఒక్కోసారి 200 దాటుతుంది. స్విచ్చి వేసినట్టు మొదలై, తీసినట్టు ఆగుతుంది. జ్వరానికీ, రక్తం తక్కువకీ, థైరాయిడుకీ వచ్చే దడ మామూలుగా మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. ఈ తేడా చెప్పాల్సింది మీరే, డాక్టరు ఆ సమయానికి మీ చెరువుగట్టు మీద ఉండడు గదా!

1930లో వుల్ఫ్, పార్కిన్సన్, వైట్ అనే ముగ్గురు డాక్టర్లు ఇలాంటి అడ్డదారి జబ్బు గురించి రాశారు. వాళ్ళు చూసింది పైకి ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ళనే. ఆ రకంలో చాలామందికి దడ లేనప్పుడు కూడా ఈసీజీలో గుర్తు కనబడుతుంది. మిగతా రకాల్లో దడ కొడుతుండగా తీస్తేనే దొరుకుతుంది. ఆ గీతలు సన్నంగా ఉన్నాయా, వెడల్పుగా ఉన్నాయా అన్నదాన్ని బట్టి మందు మారిపోతుంది. తేల్చుకోకుండా పొడిచిన ఇంజక్షను ప్రాణం మీదికి తేవచ్చు.

కాబట్టి దడ రాగానే, ఈసీజీ మిషను దగ్గర్లో ఎక్కడుంటే అక్కడికి వెళ్ళండి. స్పృహ తప్పినా, గుండెలో నొప్పి వచ్చినా, ఆయాసపడినా 108కి ఫోను కొట్టండి. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి చనిపోయి ఉంటే ఆ మాట దాచొద్దు. కాగితం అడిగి తీసుకోండి. ఎండకీ వేడికీ దాని మీద గీతలు వెలిసిపోతాయి, జిరాక్సు తీయించి రేషను కార్డుతో పాటు దాచండి. తొడ దగ్గర రక్తనాళం గుండా తీగ పంపి అడ్డదారిని కాల్చి మూసే వైద్యం ఉంది. అక్కడికి పోయినా పెద్ద డాక్టరు ముందు అడిగేది ఆ కాగితాన్నే.

ఇప్పుడు పక్కవాళ్ళ మణికట్టు పట్టుకోండి. బొటనవేలి వైపు, రెండు వేళ్ళతో. గడియారం మేము చూస్తాం, మీరు లెక్కపెట్టండి.