కంట్లో పువ్వు

నేను డాక్టరును కాను. వైద్యులు రాసినవాటిని పత్రికల కోసం దిద్దిపెట్టడం ముప్పై ఏళ్లుగా నా పని. అలాంటివాణ్ణి పట్టుకొచ్చి అధ్యక్షుడి కుర్చీలో కూర్చోబెట్టారు కనక, జీవవైద్య పరిశోధన మొత్తాన్నీ సింహావలోకనం చేస్తానని ఎదురుచూడకండి. కంటి ముందుండే అర మిల్లీమీటరు పొర గురించి మాత్రం మాట్లాడతాను.

ఆ పొర కార్నియా. పాఠ్యపుస్తకం దాన్ని శుక్లపటలం అంటుంది. జనానికి శుక్లం అంటే వయసు మళ్లాక లోపలి కటకానికి పట్టే మసక. ‘శుక్లపటల మార్పిడి’ అని అచ్చువేస్తే చదివినవాళ్లు శుక్లాల ఆపరేషనే అనుకుంటారు. నేనే ఒకసారి అలా వేశాను. ఆపరేషన్ అయిన సాయంత్రమే ఇంటికి పంపేస్తారు కదా, దీనికి చనిపోయినవాళ్ల కళ్లు ఎందుకండీ అని ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. తప్పు ఆయనది కాదు. మా ఊళ్లో ఆ పొర తెల్లబడితే ‘కంట్లో పువ్వేసింది’ అనేవారు. ఆ మాట చెబితే ఎవరూ తికమక పడరు.

ఈ సభ జరుగుతున్న షేక్‌పేట మండలంలోనే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ఉన్నాయి. సినిమావాళ్ల కొండలు. ఆ పక్కనే బంజారాహిల్స్ రెండో నంబరు రోడ్డులోని కంటి ఆసుపత్రికి సినిమా మనిషి పేరే ఉంది. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టి, బొంబాయి వెళ్లి, ‘ఆలం ఆరా’, ‘కాళిదాస్’, ‘భక్త ప్రహ్లాద’ మూడింటిలోనూ వేషాలు వేసి, తర్వాత ‘షావుకారు’, ‘మిస్సమ్మ’ తీసిన ఎల్.వి. ప్రసాద్ 5 ఎకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చారు. 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు అక్కడ ఎల్వీపీ సంస్థను మొదలుపెట్టారు. కంటికీ కెమెరాకూ పోలిక తెచ్చి ఇక్కడ ఒక చక్కని వాక్యం చెప్పొచ్చు. ఆ వాక్యాన్ని ఎన్ని వ్యాసాల్లోంచి కొట్టేశానో లెక్కలేదు, ఇప్పుడూ కొట్టేస్తున్నాను.

అసలు కథ సున్నంతో మొదలవుతుంది. కిళ్లీకొట్టులో పొగాకుతో పాటు అమ్మే చిన్న సున్నం ప్యాకెట్టు ఉంటుంది కదా, పిల్లల చేతికి దొరికితే దాన్ని నొక్కి ఆడుకుంటారు. అది పగిలి మొహం మీద చిమ్ముతుంది. ఆమ్లం పడితే పైపొరలోని మాంసకృత్తులు గడ్డకట్టి, ఒక్కోసారి అదే అడ్డుగోడవుతుంది. సున్నం క్షారం, అది అలా ఆగదు. కొవ్వును కరిగించుకుంటూ లోలోపలికి దిగిపోతుంది. నల్లగుడ్డుకూ తెల్లగుడ్డుకూ నడుమ పొలం గట్టులాంటి అంచు ఉంది, లింబస్ అంటారు. నల్లగుడ్డు మీది పైపొర ఎప్పటికప్పుడు అరిగిపోతుంటే, దాన్ని భర్తీ చేసే మూలకణాలు ఆ గట్టులోనే కాపురం ఉంటాయి. అవి కాలిపోతే తెల్లగుడ్డు మీది పొర నెత్తురు నాళాలతో సహా నల్లగుడ్డు మీదికి పాకి వచ్చేస్తుంది. అప్పుడు దానం వచ్చిన కార్నియాను కుట్టినా కొన్నాళ్లకు అదీ మూసుకుపోతుంది, గట్టు తెగిన మడిలో కొత్త పైరు వేసినట్టు.

చిత్రమేమిటంటే, ప్రపంచంలో మొదటిసారి నిలిచిన కార్నియా మార్పిడి కూడా సున్నం బాధితుడికే జరిగింది. 1905 డిసెంబరులో, ఇప్పుడు చెక్ దేశంలో ఉన్న ఒలోమౌట్స్‌లో, ఎడ్వర్డ్ జిర్మ్ అనే వైద్యుడు సున్నంతో రెండు కళ్లూ పోగొట్టుకున్న ఒక కూలీకి ఆపరేషన్ చేశాడు. దెబ్బతిని తీసేయాల్సి వచ్చిన ఒక పిల్లవాడి కంటినుంచి కార్నియా తీసి వేశాడు. ఒక కన్ను నిలిచింది, రెండోది నిలవలేదు. ఆ గట్టులోని మూలకణాల సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు.

1997లో ఇటలీలో గ్రాజియెల్లా పెల్లెగ్రీని బృందం దారి చూపింది. రోగి మంచి కన్నునుంచి ఆ గట్టు ముక్క ఒకటి తీసి, ల్యాబులో కణాలను పెంచి, పాడైన కంటి మీద పరిచారు. ఈ శతాబ్దం మొదట్లో మన ఎల్వీపీలోనూ అదే మొదలైంది. డాక్టర్ వీరేందర్ సంగ్వాన్, డాక్టర్ గీతా వేముగంటి, సీసీఎంబీ పరిశోధన సంస్థ నుంచి వచ్చిన డి. బాలసుబ్రమణియన్ ఆ పనిలో ఉన్నారు. కాన్పు తర్వాత పారేసే ఉమ్మనీటి సంచి పొర మీద కణాలను రెండు వారాల దాకా పెంచి వేసేవారు. 200 మందికి చేసిన ఫలితాలను 2011లో ప్రచురించారు. 71 శాతం మందిలో కంటిపొర నిలబడింది. మరొకరైతే అక్కడితో తృప్తిపడేవారు. అలాంటి ల్యాబుకు గాలి వడపోయాలి, ఉష్ణోగ్రత కాయాలి, జీతమిచ్చి కణశాస్త్రజ్ఞుణ్ణి పెట్టుకోవాలి. ఇటాలియన్ పద్ధతి హోలోక్లార్ పేరుతో 2015లో ఐరోపాలో మందుగా అనుమతి పొందింది, ఖరీదు మాత్రం ఆకాశంలో ఉంది. జిల్లా ఆసుపత్రిలో ఇది అయ్యే పనేనా?

అప్పుడు ఎల్వీపీవాళ్లు ల్యాబును కొట్టేశారు. నా వృత్తివాడికి ఈ పరిశోధనలో నచ్చిందల్లా ఆ కొట్టివేతే. మంచి కంటినుంచి 2 మిల్లీమీటర్ల ముక్క తీసి, ఆపరేషన్ బల్ల మీదే దాన్ని ఎనిమిదో పదో నలుసులుగా తరిగి, పాడైన కంటి మీద పరిచిన ఉమ్మపొరపై జిగురుతో అక్కడొకటి ఇక్కడొకటి అంటించారు. కణాలను పెంచే పని ఆ కంటికే అప్పజెప్పారు. అది పెంచింది. 2012లో ఈ పద్ధతిని ప్రచురించారు, స్లెట్ అని పేరు. 125 మంది ఫలితాలు 2016లో వచ్చాయి. 76 శాతం. ఖరీదైన ల్యాబు చేసిన పనికి ఏమీ తీసిపోలేదు. రెండు కళ్లూ పోయినవాళ్లకు సొంత కణాలతో ఇది చేయడం కుదరదు, తీయడానికి మంచి కన్ను ఉండాలి కదా. ఆ మాట కూడా దాచకుండా చెప్పాలి.

మందుల వైపూ ఇలాంటిదే ఒకటుంది. కోతల్లో వరి ఆకు గీసుకున్నా, నూర్పిళ్లలో పొట్టు పడినా కంట్లో బూజు పుండు లేస్తుంది. పాత మందు నాటమైసిన్, కొత్తది ఖరీదైన వోరికొనజోల్. దక్షిణాదిన 323 మంది రోగులతో రెంటినీ పోల్చిచూస్తే, 2013లో పాతదే గెలిచింది. ఫ్యుసేరియం బూజు మీదైతే మరీను. కంటి చుక్కలని అడగ్గానే స్టెరాయిడ్ అమ్మే దుకాణాలకు ఈ వార్త ఇంకా చేరలేదు. ఆ చుక్కలతో బూజు రెచ్చిపోతుంది.

2022లో ఎల్వీపీ, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ కలిసి త్రీడీ ప్రింటరుతో కార్నియా చేసి కుందేలు కంట్లో పెట్టాయి. పత్రికలన్నీ ప్రింటరు బొమ్మ వేశాయి. ఆ ప్రింటరులో వాడిన సిరా మనుషుల కార్నియా కణజాలం నుంచే తయారైంది. దానం వచ్చిన ప్రతి కన్నూ మార్పిడికి పనికిరాదు, అలాంటివి పరిశోధనకు వెళతాయి. చావు ఇంట్లో, 6 గంటలు దాటకముందే, ఎవరో ఒకరు ఫోన్ చేస్తేనే ఇదంతా. జూబ్లీహిల్స్ కొండ మీదే 1998లో చిరంజీవి నేత్ర, రక్తనిధి పెట్టినప్పుడు అభిమానులు బారులు తీరారు. సినిమా పిచ్చి అని వెక్కిరించినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

రెండేళ్ల కిందట నా కళ్లు చూపించుకోవడానికి వెళ్లినచోట, పేరెందుకులెండి, పక్క కుర్చీలో పాలమూరు వైపు తల్లి ఒకామె కూర్చుంది. ఒళ్లో ఆరేళ్ల పిల్లవాడు, ఒక కన్నుకు కట్టు. సున్నమే. ఆమె చేతిలో సమ్మతి పత్రం పెట్టారు. ‘స్వీయ లింబల్ ఉపకళా కణజాల ప్రతిరోపణమునకు నా పూర్ణ సమ్మతి తెలుపుచున్నాను’ అని ఉంది. చదివిపెట్టమని నాకిచ్చింది. చదివాను. ఆమె నా మొహంలోకి చూసింది, నేను కాగితంలోకి చూశాను. ఇంతలో నర్సు వచ్చి వంగి చెప్పింది: “మంచి కంట్లకెల్లి నువ్వుగింజంత ముక్క తీస్తరమ్మా. దాన్ని సన్నగ కోసి కాలిన కంట్ల పెడ్తరు, అది మొలుస్తది.”

తల్లి ఒక్క క్షణం ఆలోచించి అడిగింది: “నారు పోసి నాటుతరా, ఎదజల్లుతరా?”

“ఎదజల్లుడేనమ్మా.”

ఆమె వేలిముద్ర వేసింది. ఖాళీ పత్రం ఒకటి అడిగి తెచ్చుకున్నాను. ఇదిగో, నా జేబులోనే ఉంది. మధ్యాహ్నం రెండో సమావేశంలో అందరికీ జెరాక్సు కాపీలు పంచుతారు, పెన్నులు తెచ్చుకోండి.