పతకం అందుకున్న చేతులు



ఈ పూట ఒక సిపాయి కథ చెప్పుకుందాం. అతని ఇల్లాలి కథ కూడా చెప్పుకుందాం. సిపాయి పేరు అబ్దుల్ హమీద్. ఇల్లాలి పేరు రసూలన్ బీబీ.

ఉత్తరప్రదేశ్‌లో ఘాజీపూర్ జిల్లా ఉంది. ఆ జిల్లాలో ధాముపూర్ ఒక పల్లె. 1933 జూలై 1న హమీద్ ఆ పల్లెలో పుట్టాడు. తండ్రి మహమ్మద్ ఉస్మాన్ దర్జీ. తల్లి సకీనా బేగం. హమీద్ కూడా తండ్రికి సాయంగా బట్టలు కుట్టాడు. 1954 డిసెంబరులో పటాలంలో చేరాడు. అప్పటికి అతనికి 21 ఏళ్లు. 1962లో చైనాతో యుద్ధం వచ్చింది. ఆ యుద్ధంలోనూ పనిచేశాడు. తరువాత హవల్దారు అయ్యాడు.

హమీద్, రసూలన్ దంపతులకు నలుగురు కొడుకులు, ఒక కూతురు.

సిపాయి ఇల్లాలి బతుకు ఎట్లా ఉంటుంది? మన ఊళ్లలోనూ కొందరికి తెలుసు. మనిషి సరిహద్దులో ఉంటాడు. ఇల్లూ పిల్లలూ ఆమె మీద ఉంటారు. యుద్ధం వచ్చిందంటే కంటికి కునుకు ఉండదు. పోస్టుమాను వీధిలో కనబడితే చాలు, గుండె ఝల్లుమంటుంది. మంచి కబురో, చెడ్డ కబురో!

1965 సెప్టెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం జరుగుతోంది. పంజాబ్‌లో ఖేమ్ కరణ్ దగ్గర అసల్ ఉత్తర్ అని ఒక ఊరు ఉంది. ఆ మాటకు 'అసలైన జవాబు' అని అర్థం. పాకిస్తాన్ సేన ఆ వైపు ప్యాటన్ ట్యాంకులతో వచ్చింది. ట్యాంకు అంటే కదిలే ఇనుప కోట. దాని మీద ఫిరంగి ఉంటుంది. మామూలు తుపాకి గుండు దాన్ని ఏమీ చెయ్యలేదు.

హమీద్ దగ్గర ఏముంది? ఒక జీపు. దాని మీద బిగించిన ఒక ఫిరంగి. జీపు చుట్టూ ఇనుప గోడ లేదు. హమీద్ పైర్ల చాటున జీపు ఆపేవాడు. ట్యాంకు దగ్గరికి వచ్చేదాకా ఓపిక పట్టేవాడు. గురి చూసి కొట్టేవాడు. వెంటనే చోటు మార్చేవాడు. అట్లా ఒకదాని తరువాత ఒకటి ట్యాంకులను కూల్చాడు. సెప్టెంబరు 10న శత్రువు ఫిరంగి గుండు తగిలింది. హమీద్ ప్రాణం విడిచాడు. అప్పటికి అతనికి 32 ఏళ్లు.

అతని సమాధి అసల్ ఉత్తర్‌లోనే ఉంది. ధాముపూర్‌కు మనిషి రాలేదు. కబురే వచ్చింది.

1966 జనవరి 26న ఢిల్లీలో గణతంత్ర దినం జరిగింది. రసూలన్ బీబీ అక్కడికి వెళ్లింది. అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆమె చేతిలో పరమవీర చక్ర పతకం పెట్టారు. యుద్ధంలో చూపిన సాహసానికి మన దేశం ఇచ్చే బిరుదుల్లో ఇదే పెద్దది. ఇంతవరకు 21 మందికే ఇచ్చారు. వారిలో 14 మంది దాన్ని కళ్ల చూసుకోలేదు. వాళ్లు చనిపోయాకే ఇచ్చారు.

ఆ రోజు అందరూ పొగిడారు. మరి మరునాడు? పొయ్యి వెలిగించాలి. పిల్లలకు అన్నం పెట్టాలి. వాళ్లను పెంచి పెద్ద చెయ్యాలి. పతకం పెట్టెలో ఉంటుంది. బతుకు భారం నెత్తిన ఉంటుంది. భర్త పోయాక రసూలన్ బీబీ దాదాపు 54 ఏళ్లు బతికింది.

ఆమె ఊరికే కూర్చోలేదు. 2008లో లక్నోలో అప్పటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ గారిని కలిసింది. తన భర్త పేరున స్మారకం కావాలని అడిగింది. మనవలకు ఉద్యోగాలు చూపించమని అడిగింది. 2017 సెప్టెంబరు 10న సైన్యాధిపతి బిపిన్ రావత్ గారు ఘాజీపూర్ జిల్లాకు వచ్చారు. హమీద్ స్మారకాన్ని ఆవిష్కరించారు. ఆ రోజును ఆమె కళ్లారా చూసింది. 2019 ఆగస్టు 2న కన్నుమూసింది.

హమీద్ పేరు పుస్తకాల్లో ఉంది. 2000లో వేసిన తపాలా బిళ్ల మీద ఉంది. రసూలన్ పేరు ఎంతమందికి తెలుసు? యుద్ధం సరిహద్దులో కొన్నాళ్లకు ఆగిపోతుంది. సిపాయి ఇంట్లో ఆగదు. అక్కడ దాన్ని నడిపేది ఆడమనిషే.

అక్కలారా! మీ ఇంట్లోనో, మీ వాడలోనో పటాలంలో పనిచేసే వాళ్లుంటే ఒక్క మాట. పెళ్లయితే భార్య పేరు, పిల్లలు పుడితే వాళ్ల పేర్లు పటాలం రికార్డులో రాయించాలి. పేరు తప్పు పడితే పింఛనుకు చిక్కు వస్తుంది. ఆ కాగితాలు ఇంట్లో ఎక్కడున్నాయో ఇల్లాలికి తెలియాలి. అనుమానం ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగవచ్చు.

ఇదివరకు ఆ కాగితం ఎవరిచేతనో చదివించుకున్నారు. ఇప్పుడు మీరే చదవగలరు. కాగితం తీయండి. అందులో మీ పేరు సరిగ్గా ఉందో లేదో చూడండి.