గ్రంథాలయమున ఆంగ్లపరీక్షా పాఠములు
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో నేను పోతనను గూర్చియో, తెనాలి రామకృష్ణుని గూర్చియో మాటలాడుదునని మీలో పలువురు తలంచియుందురు. ప్రతి వార్షికోత్సవమునందును నేను చేయుచున్న పని అదియే. ఈసారి కార్యదర్శిగారు నాకు వేఱొక విషయము నొసంగిరి. విదేశములకు చదువులకును ఉద్యోగములకును పోవువారికి ఆంగ్లభాషా పరీక్షలు కలవుగదా. వానికి అంతర్జాలములో ఉచితముగా లభించు పాఠములను మన గ్రంథాలయము గ్రామమునకు అందింపవచ్చునా, అందింపవలయునా అనునదే ఆ విషయము.

ఇది ఊరక పుట్టిన ప్రశ్న కాదు. ఉత్సవనిధిలో ఖర్చులు పోగా కొంత సొమ్ము మిగులుచున్నది. దానితో ముఖద్వారమునకు సిమెంటు కమాను కట్టింపవలెనని ఒక పక్షము. రెండు కంప్యూటర్లు, చెవులకు తగిలించుకొను హెడ్‌ఫోనులు కొని, ఇంటర్నెట్టు పెట్టింపవలెనని వేఱొక పక్షము. నేను రెండవ పక్షమువాడను. లెక్కలు వ్రాసి జీవించువాడను గావున కారణములను లెక్కలతోనే చెప్పెదను.

మొదట ఆ పరీక్ష యెట్టిదో తెలిసికొందము. మన పిల్లల నోట వినబడు పేర్లు మూడు: ఐయెల్ట్స్, టోఫెల్, పీ.టి.ఇ. వీనిలో టోఫెల్ 1964 నుండి జరుగుచున్నది, ఐయెల్ట్స్ 1989లో వచ్చినది, పీ.టి.ఇ. 2009లో వచ్చినది. అన్నింటికంటె మన ప్రాంతమున మిక్కిలి వినబడు ఐయెల్ట్స్‌నే ఉదాహరణముగా గైకొందును. ఇందు నాలుగు భాగములు: వినుట, చదువుట, వ్రాయుట, మాటలాడుట. వినుటకు నలువది ప్రశ్నలు, చదువుటకు నలువది ప్రశ్నలు. వ్రాతకు ఒక గంటలో రెండు రచనలు, ఒకటి 150 మాటలకు తక్కువ గాకుండ, రెండవది 250 మాటలకు తక్కువ గాకుండ. మాటలాడుటకు పరీక్షకుని యెదుట పదునొకండు మొదలు పదునాలుగు నిమిషములు. ఒక్కొక భాగమునకు తొమ్మిదింటికి ఇన్ని యని వేయుదురు. అరలు కూడ కలవు. ఇందు ఉత్తీర్ణత, అనుత్తీర్ణత యను మాటలు లేవు. ఏ విశ్వవిద్యాలయము ఎంత కోరునో అంత రావలెను.

పరీక్షారుసుము నేడు సుమారు 17, 18 వేల రూపాయలు. ఫలితము రెండు సంవత్సరములు మాత్రమే చెల్లును. మామిడిరేటు పడిపోయిన సంవత్సరమున ఈ సొమ్ము రైతుకు ఎంత బరువో నేను చెప్ప నక్కరలేదు. ఒక్కసారి తప్పినచో మరల అంత సొమ్ము. దీనికితోడు పట్టణములలో శిక్షణకు చెల్లించు రుసుము, బస్సు, బస, భోజనము. కావుననే ఉచితపాఠములను మాట మనకు తీపిగా వినబడుట సహజము.

ఉచితపాఠములు నిజముగనే కలవు. బ్రిటిషు కౌన్సిలువారు 2015లో ఫ్యూచర్‌లెర్న్ అను అంతర్జాల విద్యాపీఠముద్వారా ఐయెల్ట్స్‌ను గూర్చి ఒక ఉచిత పాఠక్రమమును నడపగా, ప్రపంచ మంతటనుండి 4,40,000 మందికి పైగా చేరిరి. ఒకే తరగతిలో అంతమంది! భారత ప్రభుత్వమువారి స్వయం వేదిక 2017లో ఆరంభమైనది; అందు చదువుట ఉచితము, పరీక్ష వ్రాసి ధ్రువపత్రము పొందవలెనన్ననే రుసుము. 2003 నుండి ఐ.ఐ.టి.లవారు ఎన్.పి.టి.ఇ.ఎల్. పేర పాఠములను వెలువరించుచున్నారు, మద్రాసు ఐ.ఐ.టి. వారి ఆంగ్లభాషా పాఠములును అందు గలవు. ఇక బి.బి.సి.వారు 1943లోనే రేడియోద్వారా ఆంగ్లము నేర్పుట కారంభించిరి. ఆ పాఠములే నేడు రూపము మార్చుకొని ఫోనులో వినబడుచున్నవి. మన రాష్ట్రమున 2023లో ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు టోఫెల్ శిక్షణ నిప్పించుటకు ప్రభుత్వము ఆ పరీక్షను నడపు సంస్థతో ఒప్పందము కూడ చేసికొన్నది. పరీక్షలు నడపు సంస్థలే మాదిరి ప్రశ్నపత్రములను ఊరక ఇచ్చుచున్నవి. ఈ మాదిరిపత్రములు అన్నిటికంటె విలువగలవని నా యభిప్రాయము, ఏలయన అసలు పరీక్ష అడుగు తీరు వానియందే యుండును.

ఇంత యుండగా మనము చేయవలసిన దేమి, ఎవరి ఫోనులో వారు చూచుకొందురు గదా యని అడుగవచ్చును. ఇక్కడనే ఒక చిన్న లెక్క కలదు. దయచేసి కొంచెము శ్రద్ధగా వినుడు.

ఒక పిల్లవాడు ఆరు మాసములు ఇంట కూర్చుండి ఫోనులో పాఠములు చూచినా డనుకొందము. వినుటలో 7 వచ్చినది, చదువుటలో 7 వచ్చినది. వ్రాతలో 5.5, మాటలో 5.5. నాలుగును కూడిన 25. నాలుగుచే భాగింపగా 6.25. ఐయెల్ట్స్‌వారు దీనిని 6.5 గా లెక్కింతురు. (పావును అరగా చేయు ఈ యౌదార్యము మన సహకారసంఘపు లెక్కలలో లేదు!) పిల్లవాడు కోరిన విశ్వవిద్యాలయమువారు 6.5 చాలునన్నారు. ఇంటిలో పండుగ. కాని ఆ ప్రకటనయందే క్రింది పంక్తిలో, ఏ భాగమునందును 6 కు తగ్గరాదని యున్నది. పండుగ ముగిసినది, మరల పదునెనిమిది వేలు. బ్రిటనులో నర్సుగా నమోదు కాగోరు ఆడపిల్లలకు ఇంకను గట్టి నిబంధన: వ్రాతలో 6.5, తక్కిన మూడింట ఏడేసి రావలెను. సరాసరి యెంత యున్నను ఒకదాని కొరతను వేఱొకటి తీర్చదు.

ఆ పిల్లవాని లెక్క అట్లేల వచ్చెను? వినుటకును చదువుటకును ఫోను చాలును. ప్రశ్న కొక మార్కు. నలువదింట సుమారు ముప్పది సరియైనచో 7 వచ్చును. జవాబుల పట్టిక చూచి ఎవరి తప్పు వారే దిద్దుకొనవచ్చును. వ్రాత అట్టిది కాదు.

ఆదిపర్వమునందలి ఏకలవ్యుని కథ మీ రందఱు నెఱిగినదే. గురువు కాదనగా మట్టితో ద్రోణుని ప్రతిమ చేసికొని, దాని యెదుట విలువిద్య నేర్చి, అర్జునుని మించినాడు. అంతర్జాల పాఠములను పొగడువారు ఈ కథను తఱచుగా చెప్పుచుందురు. కాని ఒక మాట గమనింపుడు. బాణము గుఱి తప్పినచో ఆ తప్పు వేసినవాని కంటికే కనబడును. మట్టిబొమ్మ దిద్ద నక్కరలేదు, గుఱియే దిద్దును. వ్యాసములో తప్పు వ్రాసినవానికి కనబడదు. కనబడునదే యైనచో వ్రాయకయే యుండును గదా! విలువిద్యకు మట్టిగురువు చాలెను గాని, వ్రాతకు కన్నులున్న గురువు వలయును. నేను వ్యాకరణమును గురువు లేక చదివితిని గావున ఈ మాట పుస్తకము చూచి చెప్పుట లేదు.

మాటలాడుటయు నంతే. తెలుగు అజంతభాష. బస్, రోడ్, కార్ అనుచోట్ల ఉకారము చేర్చి బస్సు, రోడ్డు, కారు అనిననే మన నాలుకకు నెమ్మది. ఆంగ్లేయునివలె పలుకుమని పరీక్షకుడు కోరడు. మాట స్పష్టముగా తెలిసిన చాలును. అట్లే మన భాషలో క్రియ వాక్యాంతమున నిలుచును. ఆంగ్లమున కర్త వెంటనే వచ్చును. నామవాచకము ముందు నిలుచు ఎ, యాన్, ది అను ముక్కలు మనకు లేనేలేవు. ఇట్టివి ఒకరు వినుచు, ఆపి, మరల చెప్పించిననేగాని తీరవు. ఈ పరీక్షలో ఒక చీటీ యిచ్చి, ఒక నిమిషము ఆలోచింపనిచ్చి, రెండు నిమిషములవఱకు ఏకధాటిగా మాటలాడుమందురు. నీవు చూచిన ఒక ఉత్సవమును గూర్చి చెప్పుమందురు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరను ఏటేట చూచు పిల్లవానికి, ఆ వేషములు, ఆ పొంగళ్లు, ఆ తప్పెటలు కన్నుల గట్టియున్నను, రెండు నిమిషములు వరుసగా చెప్పుట చేతగాదు. తెలుగులోనే చేతగాదు! కావున మొదట తెలుగున రెండు నిమిషములు తడబడక చెప్పుట నేర్పి, పిమ్మట ఆంగ్లమునకు పోవలెనని నా ప్రతిపాదన.

ఇప్పుడు గ్రంథాలయము చేయవలసినది స్పష్టమగుచున్నది. పాఠములు మనము చెప్ప నక్కరలేదు, అవి ఉచితముగా వచ్చుచున్నవి. రానిది దిద్దు చేయి, విను చెవి. మన యూరిలో పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయు లున్నారు; ఆంగ్లమాధ్యమమున పట్టములు పొంది ఈ యూరికి కోడండ్రై వచ్చినవా రున్నారు; అమెరికాలోను ఆస్ట్రేలియాలోను మనవారున్నారు. వారు మాసమున కొక ఆదివారము ఒక గంట ఫోనులో మన పిల్లలతో ఆంగ్లమున మాటలాడిన చాలును. కమానుకు చందా వేయుమని కోరుటకంటె ఈ గంట కోరుట సులభమని తోచుచున్నది.

మఱియొక కారణము. చాల యిండ్లలో పనికివచ్చు ఫోను ఒక్కటే యుండును, అది కొడుకు చేతనుండును. కూతురికి అది అందుసరికి రాత్రి పదిగంటలగును. గ్రంథాలయమున సాయంకాలము 4 మొదలు 6 గంటలవఱకు ఆడపిల్లలకు ప్రత్యేకింపవలయును. ఇందు రాజీ వలదు.

“గ్రంథాలయము పెట్టినది తెలుగు చదువుటకు గదా, ఊరు విడిచిపోవుటకు మీరే దారి చూపుదురా?” యని ఒక పెద్దరైతు నన్నడిగెను. న్యాయమైన ప్రశ్నయే. ఆయన కుమారు లిద్దరును బెంగుళూరులో నున్నారు. నేను చెప్పగలిగిన దింతే. చిత్తూరు చెంతనున్న కట్టమంచిలో 1880లో పుట్టిన రామలింగారెడ్డిగారు 1902లో కేంబ్రిడ్జికి పోయి చదివిరి. పోవుటకు ముందే ముసలమ్మ మరణమును వ్రాసిరి. తిరిగి వచ్చిన పిమ్మట 1914లో కవిత్వతత్త్వ విచారమును వెలువరించిరి. ఆంగ్లము వారి తెలుగును తినివేయలేదు. అట్లని పోయినవారందఱు తిరిగివత్తురని నేను మాట ఇయ్యలేను. పిల్లలు మనలను అడిగి పోవుట లేదు. అప్పుచేసి, మోసపోయి పోవుదురో, సిద్ధపడి పోవుదురో అనునది మాత్రమే మన చేతిలో నున్నది.

గ్రంథాలయోద్యమ చరిత్రలో ఇది క్రొత్త త్రోవయు గాదు. 1914లో బెజవాడయందు గ్రంథాలయముల వారు సంఘముగా నేర్పడిననాటినుండి వయోజనవిద్యయు రాత్రిబడులును ఆ యుద్యమమున భాగములే. 1935లో కృష్ణాకాలువమీద పడవలో పుస్తకములను ఊరూర త్రిప్పిరి. చదువరి యున్నచోటికి చదువును గొనిపోవుట వారి పద్ధతి.

మోసములను గూర్చి కొంత చెప్పవలసియున్నది. మా బంధువుల పిల్లవానికి పట్టణమునందలి ఒక శిక్షణాలయమువారు ఉచితముగా నేర్పుదుమనిరి. నేర్పిరి కూడ. పిమ్మట వారు చూపిన కళాశాలకే దరఖాస్తు పెట్టవలెనని పట్టుబట్టిరి. కారణము తరువాత తెలిసినది: విద్యార్థి నొక్కని చేర్పించినచో ఆ కళాశాలవా రిచ్చు కమీషను వీరిది. కమీషను తప్పని నేననను; తరగు వ్యాపారము మన మండీలలో లేదా? కాని సరకెవరో తెలిసియుండవలెను. ఇక్కడ సరకు పిల్లవాడు. ఏకలవ్యుని బొటనవ్రేలిని గుర్తుంచుకొనుడు.

అంతకంటె ఘోరము, పరీక్ష వ్రాయకయే ధ్రువపత్ర మిప్పింతుమనువారు, ప్రశ్నపత్రము ముందుగ నిత్తుమనువారు. విశ్వవిద్యాలయములు ఆ పత్రమును పరీక్షాసంస్థయొద్దనే సరిచూచుకొనును. దొంగపత్రము నిలువదు, ఇచ్చిన సొమ్ము తిరిగిరాదు, పిల్లవాని పేరు చెడును.

ఏ పరీక్ష వ్రాయవలయునో ముందుగ కళాశాలవారి ప్రకటనలోనే చూచుకొనుడు. జర్మనీలో నర్సు పనికి పోవువారికి కావలసినది జర్మనుభాష, ఆంగ్లపరీక్ష కాదు. గల్ఫుదేశములలో కూలిపనులకు పోవువారికి ఈ పరీక్షలతో పనియే లేదు. అక్కరలేని పరీక్షకు రుసుము కట్టించు ఏజెంట్లు కలరు. ఫలితము రెండేండ్లకే చెల్లును గావున ఇంటర్మీడియెటు చదువు పిల్లలు ఇప్పుడే వ్రాయుటయు వ్యర్థమే. వారు పుస్తకములు చదివిన చాలును.

చివరకు ఏర్పాట్లు. కార్యవర్గము సమ్మతించినచో సోమ, బుధ, శుక్రవారములలో సాయంకాలము 4 మొదలు 6 వఱకు ఆడపిల్లలకు, 6 మొదలు 8 వఱకు తక్కినవారికి. మొదటి గంట అంతర్జాలపాఠము, రెండవ గంట ఒకరి వ్రాత నొకరు చదివి దిద్దుట, చీటీ తీసి మాటలాడుట. ప్రతివాడును వారమునకు రెండు వ్యాసములు కాగితముపై వ్రాసి ఇయ్యవలెను. దిద్దిన కాగితములను గ్రంథాలయముననే దాచవలెను, ఆరు మాసములకు తీసిచూచినచో ఎదుగుదల యెంతయో తెలియును. రుసుము లేదు. చందాదారుడు కానివారు చందాదారులు కావలెను, అంతే. కంప్యూటర్లకు, హెడ్‌ఫోనులకు, సంవత్సరపు ఇంటర్నెట్టునకు అగు అంచనాను వేఱొక కాగితమున వ్రాసి అధ్యక్షులవారికి సమర్పించుచున్నాను. కమానుకు వేసిన అంచనాలో అది మూడవవంతునకు మించలేదు.

దిద్దుటకు గంట యియ్యగలవారు, నేర్చుకొనగోరువారు, సభ ముగిసిన పిమ్మట గ్రంథపాలకునియొద్దనున్న నోటుపుస్తకమున పేర్లు వ్రాయింపుడు. రెండు పట్టికలకును వేర్వేరు పుటలు గీచి యుంచితిని.