కోతకు ముందే సూది

అత్తలు కూడా వచ్చి కూర్చున్నారు. మంచిది. ఈ మాటలు వాళ్లకే ఎక్కువ పనికొస్తాయి.

మన అనంతగిరి మండలంలో కాన్పు అంటే కోదాడకో, సూర్యాపేటకో పోతాం. ఎక్కడికి పోయినా పెద్దాపరేషన్ మాట వినబడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. తెలంగాణలో వంద కాన్పుల్లో 60కి పైగా ఆపరేషన్లే. దేశం మొత్తం మీద 21 దాటిందంతే. మన దగ్గర ఇన్ని అవసరమా? లేదనే నా అభిప్రాయం. ముహూర్తం చూసి కోయించుకునేవాళ్లు కూడా ఉన్నారు. సరే, ఆ సంగతి ఇంకోరోజు. ఆపరేషన్ తప్పనిసరి అయితే బల్ల మీద ఏం జరుగుతుందో ఇవాళ చెప్పుకుందాం.

ముఖ్యమైన సూదులు రెండు. ఒకటి నడుముకు ఇచ్చే మత్తు సూది. రెండోది చీము పట్టకుండా నరానికి ఇచ్చే యాంటీబయాటిక్ సూది.

నడుముకు మత్తు ఇస్తే నడుము కింద నొప్పి తెలియదు. తల్లి మెలకువగానే ఉంటుంది. బిడ్డ ఏడుపు వింటుంది. ఈ పద్ధతి 1898లో జర్మనీలో ఆగస్ట్ బీర్ అనే డాక్టర్ మొదలుపెట్టాడు. అప్పుడే కొందరికి వాంతులు, తలనొప్పి వచ్చాయి. ఇప్పటికీ చాలామందికి కడుపులో తిప్పుతుంది. ఎందుకు? మత్తుకు కాళ్లలోని రక్తనాళాలు వదులవుతాయి. రక్తం అక్కడే నిలుస్తుంది. బీపీ పడిపోతుంది. మెదడుకు రక్తం తగ్గుతుంది. అప్పుడు ఓకరింపు వస్తుంది, ఆవలింతలు వస్తాయి, కళ్లు తిరుగుతాయి.

కాబట్టి ఓకరింపు ఒక కబురు లాంటిది. బీపీ పడిపోతున్నదని ముందుగా చెప్పే కబురు. మన ఆడవాళ్లు ఏం చేస్తారు? "డాక్టరమ్మ ఏమనుకుంటదో" అని పళ్లు బిగబట్టి ఊరుకుంటారు. అట్లా ఊరుకోవద్దు. తల దగ్గర మత్తు డాక్టర్ ఉంటారు. "సారూ, కడుపుల తిప్పుతాంది" అని వెంటనే చెప్పండి. బీపీ పెరిగే మందు ఇస్తారు. సెలైన్ జోరు పెంచుతారు. బిడ్డ ఇంకా లోపలే ఉంటే తల్లిని కొంచెం ఎడమ పక్కకు ఒరిగిస్తారు. బరువైన గర్భసంచి పెద్ద రక్తనాళం మీద పడకుండా ఉండటానికి అది. బిడ్డకు రక్తం అందేది తల్లి బీపీ వల్లనే కదా!

ఇక రెండో సూది. ఇది ఎప్పుడు ఇవ్వాలి? పూర్వం బిడ్డ బయటికి వచ్చి, బొడ్డు కోశాక ఇచ్చేవారు. మందు బిడ్డకు పోతుందేమోనని భయం. తర్వాత ఎన్నో ఆసుపత్రుల్లో పరిశీలించారు. కోతకు ముందే ఇస్తే తల్లికి గర్భసంచిలో చీము, కుట్లలో చీము తగ్గాయి. బిడ్డలకు కీడు కనబడలేదు. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కోతకు ముందే ఇవ్వమంటున్నది. మామూలుగా కోతకు ముందు గంట లోపల ఇస్తారు. కత్తి పడేసరికి మందు రక్తంలో తిరుగుతూ ఉండాలి. దొంగ ఇంట్లో దూరాక తలుపు వేస్తే ఏం లాభం?

ఇందులో ఇంకో మేలూ ఉంది. యాంటీబయాటిక్ కూడా కొందరికి కడుపులో తిప్పుతుంది. గబగబా ఎక్కిస్తే మరీను. బొడ్డు కోసే సమయానికి వేరే గొడవలు ఉంటాయి. గర్భసంచి ముడుచుకోవడానికి మందు ఇస్తారు. సంచిని లాగి కుడతారు. వాటికీ వాంతి వస్తుంది. ఈ సూది కూడా అప్పుడే పడితే, వాంతి దేనివల్లనో తేల్చడం కష్టం. ముందే నిదానంగా ఇస్తే, పడకపోయినా అప్పుడే తెలిసిపోతుంది.

పడకపోవడం అంటే ఒళ్లంతా దద్దుర్లు, దురద, ఆయాసం. ఇదివరకు ఏ మందుకైనా అట్లా అయిందా? ఆ మందు పేరు చీటీ మీద రాసి, కాన్పు కార్డులో పెట్టుకోండి. చదువు నేర్చుకున్నాం కదా, రాయడం మనకు కష్టమా? పేరు తెలియకపోతే ఆశా కార్యకర్తను అడగండి, పాత మందుల చీటీ వెదకండి.

అత్తలకు ఒక మాట. ఆపరేషన్ అని చెప్పాక కోడలికి చాటుగా చాయ్, బన్ను పెట్టకండి. ప్రేమతోనే పెడతారు, నాకు తెలుసు. కానీ బల్ల మీద వాంతి అయితే ఆ తిండి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ప్రాణానికే ముప్పు. ఒకవేళ తిన్నదే అనుకోండి, ఏం తిన్నదో, ఎన్ని గంటలకు తిన్నదో దాచకుండా చెప్పండి.

ఇంటికొచ్చాక మందుల షాపుకు పోయి "కుట్లు మానే గోళీలు" అని యాంటీబయాటిక్స్ కొనకండి. ఆపరేషన్ మామూలుగా జరిగితే ముందు ఇచ్చిన ఒక్క మోతాదే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. డాక్టర్ రాసినవి వాడండి, రాయనివి వద్దు. జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర ఎర్రబడినా, చీము కారినా, మైల వాసన కొట్టినా గోళీలతో సరిపెట్టుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి పోండి.

ఇప్పుడు అడగండి, ఎవరికి ఏం అనుమానం ఉంది?