చూపు మెదడును చేరు కాలము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కన్ను చూచుచున్నదని లోకములో వాడుక. నిజమునకు కన్ను వాకిలి మాత్రమే. చూచునది మెదడు; అందును తల వెనుక భాగమున నున్న ప్రదేశము. కనుగ్రుడ్డు వెనుకనుండి ఆ దిక్కుగా వార్తను గొనిపోవునది దృష్టినాడి. ఒక్కొక్క నాడిలో సుమారు 10 లక్షల సన్నని తంతువు లుండును. కంటి యెదుట ఒక దృశ్యము మారగానే మెదడు స్పష్టముగా స్పందించుటకు ఆరోగ్యవంతులలో సెకనులో ఇంచుమించు పదవ వంతు కాలము పట్టును. రెప్పపాటు కంటెను తక్కువయైన ఈ కాలము మరికొంచెము పెరిగినచో, దానినిబట్టి నాడులలో దాగియున్న వ్యాధి జాడ తీయవచ్చునని 1972లో లండను వైద్యులు ప్రకటించిరి. నేటి ప్రసంగమునకు ఆ పరీక్షయే విషయము.

ముందుగా నాడి సంగతి. విద్యుత్తు తీగకు రబ్బరు తొడుగున్నట్లు నాడీతంతువునకు మైలిన్ అను కొవ్వుతో కూడిన తొడుగు కలదు. ఈ తొడుగు ఏకముగా నుండక నడుమ నడుమ చిన్న సందులు కలిగియుండును. వార్త ఒక సందునుండి మరియొక సందునకు గంతులు వేయుచు పోవును. వాగులో పిల్లవాడు రాతిమీదనుండి రాతిమీదికి దుమికి క్షణములో ఆవలి యొడ్డు చేరునట్లు దీనిని ఊహించుకొనవచ్చును. రాళ్ళు లేనిచో వాడు మోకాలిలోతు నీటిలో ఈడ్చుకొనుచు నడువవలసినదే. తొడుగున్న దళసరి తంతువులలో వార్త సెకనుకు 100 మీటర్ల వేగమును సైతము అందుకొనును. తొడుగు లేని సన్నని తంతువులలో అది 1 మీటరుకు అటునిటుగా మాత్రమే యుండును. కనుక తొడుగు ఊడిన చోట వార్త ఆలస్యమగును, లేదా ఆగిపోవును.

ఈ తొడుగును శరీరపు రక్షకసేనయే పొరపాటున శత్రువనుకొని నాశనము చేయు వ్యాధికి మల్టిపుల్ స్క్లీరోసిస్ అని పేరు. 1868లో పారిసు నగరపు సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో షార్కో అను వైద్యుడు దీనిని వేరు వ్యాధిగా గుర్తించి విశదీకరించెను. ఇది ఎక్కువగా 20 మొదలు 40 ఏండ్ల లోపు వారికి, పురుషులకంటె స్త్రీలకు హెచ్చుగా వచ్చును.

దీని మాయ యెట్టిదో చూడుడు. ఇరువదియైదేండ్ల ఇల్లాలికి ఒక కన్ను కదిపినప్పుడు నొప్పి పుట్టి, కొద్ది దినములలో చూపు మసక బారును. ఎరుపు రంగు వెలిసినట్లు తోచును. దిష్టి యనియో, వేడి చేసిన దనియో ఇంటివారు అనుకొందురు. కొన్ని వారములకు చూపు దానంతట అదే తిరిగి వచ్చును, అందరును మరచిపోదురు. రెండేండ్లకు కాళ్ళు తిమ్మిరెక్కును, నడక తూలును. ఈ కాళ్ళకు ఆ కంటికి సంబంధ మేమని ఎవరికి తోచును? పైకి ఏమియు కనబడనందున, పనికి దొంగయనియు, మనోవికారమనియు నిందపడిన రోగులెందరో కలరు. వ్యాధికంటె ఆ నింద యెక్కువ బాధించునన్నచో అతిశయోక్తి కాదు.

ఈ రోగమును నిర్ణయించుటకు వైద్యుడు చాలకాలము రెండు సంగతులు నిరూపింపవలసియుండెను: గాయములు నాడీమండలములో ఒక్కచోట గాక వేరువేరు తావుల నున్నవనియు, ఒక్కమారు గాక వేరువేరు కాలములలో కలిగినవనియు. కాళ్ళ తిమ్మిరి వెన్నుపాము గాయమునకు సాక్షి. రెండవ సాక్షి కావలెను. మరచిపోయిన ఆ కంటి గాయమే ఆ సాక్షి. దానిచేత మాట పలికించునది ఈ పరీక్ష.

మెదడులో విద్యుత్తరంగము లున్నవని 1929లో జర్మనీ దేశీయుడు హాన్స్ బెర్గర్ లోకమునకు తెలిపెను. అయితే ఒక దృశ్యమునకు ప్రత్యేకముగా కలుగు స్పందన కొన్ని మైక్రోవోల్టులే. మైక్రోవోల్టనగా వోల్టులో 10 లక్షలవ వంతు. మెదడు నిరంతర కోలాహలములో అది తిరునాళ్ళలో చిరుగంట వంటిది. ఒక్కమారు మ్రోగిన వినబడదు. నూరుమారులు ఒకే పద్ధతిగా మ్రోగించి, ఆ నూరు నమోదులను కలిపి సగటు తీసినచో అడ్డదిడ్డపు రొద తనలో తాను రద్దగును, గంట నిలుచును. ఈ యుక్తిని లండనులో జార్జి డాసన్ 1950 ప్రాంతములలో సాధించెను. తరువాత అదే నగరపు క్వీన్ స్క్వేర్ ఆసుపత్రిలో హాలిడే, మెక్‌డొనాల్డ్, ముషిన్ అను ముగ్గురు, దృష్టినాడి వాపు వచ్చి తగ్గినవారిని పరీక్షించిరి. చూపు పూర్తిగా కుదుటపడిన కంటిలోకూడ స్పందన 30 మిల్లీసెకన్లకు పైగా ఆలస్యమగుచుండెను. మిల్లీసెకను సెకనులో 1000వ వంతు. 1973లో వారే మరియొక వింత ప్రకటించిరి: కంటిజబ్బు ఎన్నడును ఎరుగమని చెప్పిన మల్టిపుల్ స్క్లీరోసిస్ రోగులలోను అనేకులకు ఆ ఆలస్యము కనబడెను. రోగి యెరుగని గాయమును యంత్ర మెరిగినదన్నమాట!

పరీక్ష పేరు విని 'తలకు కరెంటు పెట్టుదురట' అని జంకువా రున్నారు. అది అపోహ. శరీరములోనికి ఏ విద్యుత్తును పంపరు. శరీరములో పుట్టుదానిని గ్రహింతురు, అంతే. రోగి తలంటుకొని, నూనె రాయక రావలెను. తలకు చిన్న లోహపు బిళ్ళలను జిగురుతో అంటింతురు. ఎదుటి తెరమీద చదరంగపు బల్లవలె నలుపు తెలుపు గళ్ళుండును. సెకనుకు ఇంచుమించు రెండు మారులు నలుపు తెలుపగును, తెలుపు నలుపగును. రోగి నడిమి చుక్కను రెప్ప వాల్చక చూచుచుండవలెను. ఒక్కొక్క కంటిని వేరుగా, రెండవదానిని మూసి, పరీక్షింతురు. ఇందులో ఒక మర్మము కలదు. రెండు దృష్టినాడులు మెదడు అడుగున కలిసికొని, సగము తంతువులు ఆవలి ప్రక్కకు దాటును. కావున ఒక కన్ను మాత్రమే ఆలస్యము చూపినచో, గాయము ఆ కూడలికి ముందే, ఆ కంటి నాడిలోనే యున్నదని తేలును.

కళ్ళజోడు వాడువారు దానిని పెట్టుకొనియే కూర్చుండవలెను. మసక చూపు, శుక్లము, కునికిపాటు ఫలితమును చెరచును. విటమిన్ బి12 లోపమువలనను, క్షయరోగమునకు వాడు ఎథాంబ్యుటాల్ మందు నాడిని దెబ్బతీసినప్పుడును ఆలస్యము రావచ్చును. దారిలో అడ్డు కలదని మాత్రమే పరీక్ష చెప్పును. అడ్డు పెట్టిన దెవరో చెప్పదు. ఈ భేదము నెరుగక కాగితము చూచి భయపడువారు, భయపెట్టువారు ఉభయులును కలరు.

1981 తరువాత ఎం.ఆర్.ఐ. వచ్చి మెదడులోని మచ్చలను చిత్రములుగా చూపుటతో ఈ పరీక్ష వెనుకబడినది. 2017 నాటి నిర్ణయ నియమములు దృష్టినాడిని ప్రత్యేక స్థానముగా లెక్కింపలేదు. 2024లో సవరించిన నియమములు దానిని అయిదవ స్థానముగా చేర్చుకొన్నవి. అందుకు సాక్ష్యముగా ఈ పరీక్షయు చెల్లును. ముసలిదని మూలబెట్టిన సాధనము మరల పిలువబడినది.

భారతదేశమున ఇంకొక జాగ్రత్త కావలెను. 1894లో దెవిక్ అను ఫ్రెంచి వైద్యుడు వర్ణించిన జబ్బొకటి కలదు. అదియు కంటినాడిని వెన్నుపామును దెబ్బతీయును. దానికి మూలమైన రక్తములోని ప్రతిరక్షకము 2004లో తెలిసినది. అందులో స్పందన ఆలస్యమగుటకంటె క్షీణించుటయో, అసలే లేకపోవుటయో తరచుగా కనబడును. మల్టిపుల్ స్క్లీరోసిస్‌కు ఇచ్చు ఇంటర్‌ఫెరాన్ వంటి మందులు ఈ జబ్బును ముదిరించగలవు గనుక, రక్తపరీక్షతో రెంటిని వేరుపరచిన పిదపనే చికిత్స.

మైలిన్ తిరిగి మొలచుచున్నదా యని తెలిసికొనుటకును ఇదే కొలబద్ద. 2017లో వెల్లడియైన కాలిఫోర్నియా పరిశోధనలో, జలుబు దురదలకు వాడు క్లెమాస్టిన్ అను పాత మందు 50 మంది రోగులకు ఇయ్యగా, ఆలస్యము కంటికి 1.7 మిల్లీసెకన్లు తగ్గెను. తొడుగు మరమ్మతు సాధ్యమనుటకు అది ఆధారమైనది. కాని చూపులో చెప్పదగిన మార్పు రాలేదు, అలసట హెచ్చెను. తరువాతి మరియొక పరిశోధనలో వ్యాధి ముదిరిన కొందరికి బలహీనత త్వరితపడుటచే ఆ మందును వారికి నిలిపివేసిరి. కనుక అంగడిలో దొరకునది గదా యని దానిని ఎవరును స్వయముగా కొని వాడరాదు.