టర్బో కారులో ఫ్యూయెల్ ట్యూనింగ్: మ్యాప్ ముట్టుకునే ముందు లాగ్ చదవండి

ఈరోజు టాపిక్ కొంచెం టెక్నికల్, కానీ టర్బో కారు ఉన్నవాళ్ళకి ఇంజిన్ ఖర్చు మిగిల్చే టాపిక్. ట్యూనింగ్ మొత్తం ల్యాప్‌టాప్‌లోనే ఉందనుకునే వాళ్ళు ఈ ఎపిసోడ్ చివరిదాకా చూడండి.

డల్లాస్‌లో ఎంఎస్ చేస్తున్న ఒక సబ్‌స్క్రైబర్ ఈ ప్రశ్న పంపాడు. సెకండ్ హ్యాండ్‌లో 2011 సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ కొన్నాడు. పాత ఓనర్ దానికి కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్, పెద్ద ఇంజెక్టర్లు పెట్టి, కాబ్ యాక్సెస్‌పోర్ట్‌తో మ్యాప్ కూడా మార్చాడు. ఇప్పుడు కారు ఐడిల్‌లో వణుకుతోంది, గట్టిగా తొక్కితే నల్ల పొగ, పికప్ లేదు. ఆయన ప్రశ్న ఇది: "బ్రో, బూస్ట్‌లో రిచ్‌గా ఉంది. ఫ్యూయెల్ టేబుల్‌లో 12% తగ్గిస్తే సరిపోతుందా?"

నా ఆన్సర్: వద్దు. ఆ 12% తగ్గిస్తే ఈరోజు కారు బాగానే పరిగెడుతుంది. కొన్నాళ్ళకి పిస్టన్ పగలొచ్చు. ఎందుకో చూద్దాం.

ముందు బేసిక్స్. ఈ ఇంజిన్‌లో ఎయిర్ ఫిల్టర్ తర్వాత మాఫ్ సెన్సర్ ఉంటుంది. లోపలికి వెళ్ళే గాలి సెకనుకి ఎన్ని గ్రాములో అది చెబుతుంది. ఆ లెక్క నమ్మి ఈసీయూ పెట్రోల్ పోస్తుంది. పెట్రోల్ పూర్తిగా కాలాలంటే 1 గ్రాముకి 14.7 గ్రాముల గాలి కావాలి. బూస్ట్‌లో మాత్రం కావాలనే రిచ్‌గా, సుమారు 11 నుంచి 12 మధ్య నడుపుతాం. ఎక్కువ పెట్రోల్ ఆవిరవుతూ సిలిండర్‌ని చల్లబరుస్తుంది, నాకింగ్ ఆగుతుంది. రిచ్ అంటే పెట్రోల్ ఎక్కువ, లీన్ అంటే పెట్రోల్ తక్కువ. అంతే.

ఐడిల్‌లో, మామూలు స్పీడ్‌లో ఈసీయూ సైలెన్సర్ వైపు ఉన్న ఆక్సిజన్ సెన్సర్ చూసి తన తప్పు తానే దిద్దుకుంటుంది. ఆ దిద్దుబాటు పేరే ఫ్యూయెల్ ట్రిమ్. ట్రిమ్ ప్లస్ 12 అంటే, లెక్క ప్రకారం పోసింది చాలక ఈసీయూ ఇంకో 12% కలుపుతోందని అర్థం. ప్లస్ 5, మైనస్ 5 లోపల ఉంటే కంగారు అక్కర్లేదు. 10 దాటితే వెతకాలి. ఫుల్ బూస్ట్‌లో మాత్రం ఈ కారు సెన్సర్ చూసి అప్పటికప్పుడు దిద్దుకోదు, టేబుల్‌లో ఉన్నదే పోస్తుంది. అందుకే అక్కడ టేబుల్ తప్పయితే కాపాడేవాళ్ళు ఎవరూ లేరు.

ఇప్పుడు ఆయన పంపిన లాగ్. ఐడిల్‌లో ట్రిమ్ ప్లస్ 14. హైవే మీద 100లో ప్లస్ 3. ఫుల్ బూస్ట్‌లో వైడ్‌బ్యాండ్ మీటర్ 10.0 చూపిస్తోంది. మ్యాప్‌లో అడిగింది 11.2.

చూడండి, ఐడిల్‌లో లీన్, బూస్ట్‌లో రిచ్. మ్యాప్ తప్పు అనుకుంటే ఇవి రెండు ప్రాబ్లమ్స్. ఐడిల్‌లో కలపాలి, బూస్ట్‌లో తీసేయాలి. చాలామంది సరిగ్గా ఇదే చేస్తారు. కానీ నేను కోడ్ రాసిన రోజుల్లో నేర్చుకున్న ఒక అలవాటు ఇక్కడ పనికొస్తుంది: రెండు లక్షణాలు ఒకేసారి కనబడితే ముందు ఒకే బగ్ కోసం వెతుకు.

ఒక్క చిల్లు ఈ రెండూ చేయగలదు. థ్రాటిల్ తర్వాత, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ దగ్గర గొట్టం చీలిందనుకోండి. ఐడిల్‌లో మ్యానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ ఉంటుంది. చీలిక లోంచి బయటి గాలి లోపలికి వస్తుంది. ఆ గాలి మాఫ్ లెక్కలో లేదు. ఫలితం లీన్. హైవేలో గాలి మొత్తం పెరుగుతుంది కాబట్టి ఆ దొంగ గాలి వాటా తగ్గిపోతుంది, ట్రిమ్ దిగుతుంది. బూస్ట్‌లో కథ తిరగబడుతుంది. ఇప్పుడు లోపలే ప్రెజర్. మాఫ్ లెక్కపెట్టిన గాలి చీలిక లోంచి బయటికి పోతుంది. ఈసీయూ మాత్రం ఆ గాలి సిలిండర్‌కి చేరిందనుకుని పెట్రోల్ పోస్తుంది. ఫలితం రిచ్, నల్ల పొగ. రబ్బరు గొట్టం వ్యాక్యూమ్‌లో ముడుచుకుని, ప్రెజర్‌లో నోరు తెరుస్తుంది. అందుకే కళ్ళతో చూస్తే దొరకదు.

దీనికి బూస్ట్ లీక్ టెస్ట్ చేయాలి. ఇంజిన్ ఆపేసి, టర్బో ముందు పైపుకి బిరడా బిగించి, కంప్రెసర్‌తో మెల్లగా 10 నుంచి 15 పీఎస్‌ఐ గాలి ఎక్కించి, జాయింట్ల మీద సబ్బు నీళ్ళు కొట్టాలి. పంక్చర్ షాపులో ట్యూబ్‌ని నీళ్ళ తొట్టిలో ముంచి చూస్తారు కదా, అదే పద్ధతి. ఆయన కారులో బుడగలు వచ్చింది బ్రేక్ బూస్టర్‌కి వెళ్ళే గొట్టం దగ్గర, మ్యానిఫోల్డ్ మొదట్లో, క్లిప్ కింద. గొట్టం మార్చాడు. మ్యాప్‌లో ఒక్క నంబర్ మార్చలేదు. ఐడిల్ ట్రిమ్ ప్లస్ 2కి వచ్చింది. బూస్ట్‌లో 11.1.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి రండి. ముందే 12% తగ్గించి ఉంటే? చీలిక ఉన్నంత కాలం మీటర్ సుమారు 11.4 చూపించేది, అందరూ హ్యాపీ. తర్వాత సర్వీసింగ్‌లో ఏ మెకానిక్కో చీలిన గొట్టం చూసి, మంచి మనసుతో కొత్తది వేస్తాడు. అప్పుడు సిలిండర్‌కి గాలి పూర్తిగా చేరుతుంది, పెట్రోల్ మాత్రం 12% తక్కువ. మీటర్ 12.5 దాటుతుంది. ఈ తరం డబ్ల్యూఆర్‌ఎక్స్ ఇంజిన్‌లో రింగులు కూర్చునే గాడుల మధ్య గట్లు బలహీనం, నాకింగ్ వస్తే అవే ముందు విరుగుతాయి. రిపేర్ చేసినందుకు ఇంజిన్ పోయినట్టు కనిపిస్తుంది. అసలు కారణం ఎప్పుడో టేబుల్‌లో దాచేసిన బగ్.

ఇక మీ కారుకి మీరు వాడుకోవడానికి, లాగ్ చదివే పద్ధతి చెప్తాను.

ఐడిల్‌లో లీన్, స్పీడ్‌లో నార్మల్ అయితే వ్యాక్యూమ్ లీక్ అనుమానించండి. ఐడిల్‌లో నార్మల్, గాలి పెరిగేకొద్దీ లీన్ అయితే పెట్రోల్ చేరడం లేదు: పంపు, ఫిల్టర్ చూడండి. లేదా మాఫ్ మురికి పట్టి గాలి తక్కువ చెబుతోంది. అన్ని చోట్లా ఒకే శాతం తేడా ఉంటే ఇంజెక్టర్ సైజు మ్యాప్‌లో తప్పు, లేదా ఫ్యూయెల్ ప్రెజర్ తేడా. ఇన్‌టేక్ పైపు సైజు మారితే మాఫ్ లెక్క మొత్తం మారుతుంది, దానికి కొత్తగా స్కేలింగ్ చేయాల్సిందే.

మీటర్‌ని కూడా గుడ్డిగా నమ్మొద్దు. సెన్సర్ ముందు ఎగ్జాస్ట్ లీక్ ఉంటే బయటి ఆక్సిజన్ కలిసి అబద్ధపు లీన్ చూపిస్తుంది. మిస్‌ఫైర్ అయినా అంతే, కాలని ఆక్సిజన్ అలాగే బయటికి వస్తుంది. ప్లగ్గులు సరిగ్గా లేక మిస్ అవుతుంటే, లీన్ అనుకుని ఇంకా పెట్రోల్ పోస్తాం.

ఫ్యూయెల్ ప్రెజర్ గేజ్ పెట్టి చూడండి. ఇలాంటి పోర్ట్ ఇంజెక్షన్ కార్లలో ప్రెజర్ బూస్ట్‌తో సమానంగా పెరగాలి. బేస్ 3 బార్ ఉంటే, 1 బార్ బూస్ట్‌లో 4 బార్ కనబడాలి. పెరగకపోతే పంపు చేతులెత్తేసింది, లేదా రెగ్యులేటర్ గొట్టం ఊడింది.

ఇంజెక్టర్ లెక్క చాలా ఈజీ. 6000 ఆర్‌పీఎంలో ఒక సైకిల్‌కి 20 మిల్లీసెకన్లు. ఇంజెక్టర్ 17 మిల్లీసెకన్లు తెరిచి ఉంటే 85% వాడేశారు. అక్కడికి ఆగండి. ఆ పైన టేబుల్‌లో ఎంత పెంచినా ఇంజెక్టర్ ఇవ్వలేదు.

ఇవన్నీ క్లీన్‌గా ఉన్నాకే మ్యాప్ తెరవండి. ముందు ఐడిల్, క్రూయిజ్ సరిచేయండి. తర్వాత తక్కువ బూస్ట్. చివరికి ఫుల్ బూస్ట్, ఇగ్నిషన్ టైమింగ్. ఒక్కసారికి ఒక్క మార్పు, ప్రతి మార్పుకీ ఒక లాగ్. సుబారులో డీఏఎం అనే విలువ 1 ఉండాలి. అది పడిపోతే ఇంజిన్‌కి నాకింగ్ వినపడిందని అర్థం, అక్కడే ఆపేయండి. ఫుల్ బూస్ట్ టెస్టులు డైనో మీద చేయండి. డల్లాస్ ఫ్రీవే అయినా, మన ఓఆర్‌ఆర్ అయినా, రోడ్డు మీద వద్దు.

మన దగ్గర పోలో టీఎస్‌ఐ లాంటి కార్లు నడిపేవాళ్ళకి రెండు మాటలు. వీటిలో మాఫ్ బదులు మ్యాప్ సెన్సర్ ఉంటుంది, అది మ్యానిఫోల్డ్‌లో మిగిలిన ప్రెజర్‌ని కొలుస్తుంది. కాబట్టి బూస్ట్ లీక్ అయితే రిచ్ అవ్వదు, పికప్ తగ్గి టర్బో ఊరికే ఎక్కువ కష్టపడుతుంది. ఇంక ట్యూనింగ్ బాక్స్ అని అమ్ముతారు కదా, అందులో చాలావాటి పని ఆ సెన్సర్ ప్రెజర్‌ని తక్కువ చేసి చెప్పడమే. ఈసీయూ నమ్మి బూస్ట్ పెంచుతుంది. పెట్రోల్ సంగతి ట్రిమ్‌తో కొంతవరకు సర్దుకుంటుంది. కానీ టైమింగ్ మాత్రం తక్కువ లోడ్ అనుకుని ముందుకి జరుపుతుంది. నాకింగ్ రిస్క్ అక్కడ మొదలవుతుంది. బాక్స్ పెట్టేముందు, మీ కారు స్టాక్‌లో ఎలా నడుస్తోందో ఒక లాగ్ తీసి దాచుకోండి.

ఇంకోటి, ఈ20 పెట్రోల్. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే గాలికి పెట్రోల్ కొంచెం ఎక్కువ పోయాలి. పాత మ్యాప్ ఉన్న కారులో ట్రిమ్ అన్ని చోట్లా కాస్త ప్లస్‌కి జరగడం మామూలే. దాన్ని లీక్ అనుకుని కంగారు పడకండి.

ఓబీడీ అడాప్టర్ ఒకటి, ఫోన్‌లో ఒక యాప్ ఉంటే చాలు, ట్రిమ్స్ ఈ సాయంత్రమే చూడొచ్చు. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఒకసారి, 2500 ఆర్‌పీఎంలో ఒకసారి రాసుకోండి. ఆ రెండు నంబర్లు పక్కపక్కన పెడితే మీ కారు సగం కథ చెప్పేస్తుంది. నెక్స్ట్ ఎపిసోడ్‌లో మాఫ్ స్కేలింగ్ స్టెప్ బై స్టెప్ చేద్దాం. అప్పటిదాకా గొట్టాలు చూసుకోండి, మ్యాప్ జోలికి వెళ్ళకండి. బై.